అడగవలసిన చోట అడిగిన కట్టమంచి

సరిహద్దు పల్లెల వారికి తొప్పూరు కనుమ సుపరిచితమైన దారి. ధర్మపురి నుండి సేలం వెళ్ళే బాటసారులందరూ ఆ కనుమ దిగక తప్పదు. నేడది తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో ఉన్నది. వందేళ్ళ క్రితం ధర్మపురి పేరుతో జిల్లా లేదు. తొప్పూరు, ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు అన్నీ సేలం జిల్లాలోనివే. ఇటు చిత్తూరు, పలమనేరు, కాళహస్తి ప్రాంతాలు చిత్తూరు జిల్లాలోనివి. సేలమైనా, చిత్తూరైనా మద్రాసు రాజధానిలోని భాగాలే. ఈ పల్లెలో బడి పెట్టాలన్నా, ఆ ఊరి బాట బాగుచేయాలన్నా, మరొక ఊరి కల్లు దుకాణం ఎత్తివేయాలన్నా ఆ మాట తేలవలసింది మద్రాసులోని సెయింట్ జార్జి కోటలోనే.

ఆ కోటలోని శాసనమండలిలో, తమ పార్టీ వారే మంత్రులుగా ఉన్నప్పటికీ, వారు ప్రజలకు జవాబు చెప్పవలసిందేనని పట్టుబట్టిన తెలుగు ప్రముఖుడు కట్టమంచి రామలింగారెడ్డి. తెలుగు పాఠకలోకం ఆయనను విమర్శకునిగా, కవిగా, ఆంధ్ర విశ్వవిద్యాలయ నిర్మాతగా గుర్తుంచుకున్నది. శాసనసభ్యునిగా ఆయన చేసిన పని మాత్రం అంతగా ప్రచారం పొందలేదు. నేడు శాసనసభలలో ప్రతి ఉదయం సాగే ప్రశ్నోత్తరాల వెనుక, అవిశ్వాస తీర్మానాల వెనుక ఉన్న చరిత్రలో ఆయన స్థానం చిన్నది కాదు.

చిత్తూరు నుండి కేంబ్రిడ్జికి

రామలింగారెడ్డి 1880 డిసెంబరు 10న చిత్తూరును ఆనుకొని ఉన్న కట్టమంచి గ్రామంలో జన్మించారు. అప్పటికి చిత్తూరు జిల్లా ఏర్పడలేదు. ఆ ప్రాంతమంతా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. తెలుగు, తమిళం రెండూ వినిపించే నేలమీద పెరిగిన ఆయన చిత్తూరులో చదువు ముగించుకొని మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు.

విద్యార్థి దశలోనే ఆయన రచించిన ముసలమ్మ మరణము అనే కావ్యం 1900లో వెలువడింది. అనంతపురం ప్రాంతపు చెరువు గండి పడినపుడు ఊరి కోసం ప్రాణత్యాగం చేసిన ఒక కోడలి కథ అది. రాజులు, దేవతలు కథానాయకులుగా ఉండే కావ్యలోకంలోనికి ఒక పల్లె ఇల్లాలిని, ఒక ఊరి చెరువును తెచ్చిన రచన అది. చెరువు నిలిస్తేనే ఊరు నిలుస్తుందన్న సత్యం కరవు సీమల వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు.

ప్రభుత్వ విద్యార్థి వేతనం పొంది 1902లో ఆయన ఇంగ్లండు చేరి, కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్ర అభ్యసించారు. అక్కడి విద్యార్థుల వాదసభ అయిన యూనియన్‌కు ఉపాధ్యక్షునిగా ఎన్నికయ్యారు. ఆ గౌరవం ఒక భారతీయునికి దక్కడం అదే మొదటిసారి. బ్రిటిషు పార్లమెంటు పద్ధతిలోనే సాగే ఆ వాదసభలో ఒక పక్షం ప్రతిపాదిస్తుంది. మరొక పక్షం నిలదీస్తుంది. చివరకు ఓటు తేలుస్తుంది. ఓడినవారు మరునాడు మళ్ళీ వచ్చి వాదిస్తారు. తరువాతి కాలంలో మద్రాసు శాసనమండలిలో ఆయన చూపిన ధోరణికి బీజాలు ఇక్కడే పడ్డాయి. గోపాలకృష్ణ గోఖలే 1905లో ఇంగ్లండు వచ్చి భారతదేశ పరిస్థితులను అక్కడి ప్రజలకు వివరిస్తున్న రోజులలో యువ రామలింగారెడ్డి ఆయనకు తోడుగా నిలిచారు.

బరోడా, మైసూరు అనుభవాలు

స్వదేశానికి తిరిగివచ్చిన పిదప ఆయన బరోడా కళాశాలలో చేరారు. అంతకు ముందు అక్కడ ఉపాధ్యక్ష పదవిలో ఉన్న అరవింద ఘోష్ రాజకీయాలలోనికి వెళ్ళగా ఆ స్థానం రామలింగారెడ్డికి లభించింది. అనంతరం మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులుగా, తరువాత అధ్యక్షులుగా పనిచేశారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడినపుడు ఆ పనిలో ఆయనకు ముఖ్యపాత్ర ఉన్నది. తరువాత మైసూరు సంస్థాన విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమితులయ్యారు.

ఆ పదవిలో ఉండగా ఆయన ప్రభుత్వ పాఠశాలలను పంచమ బాలబాలికలకు తెరిపించే ప్రయత్నం చేశారు. అగ్రవర్ణాల నుండి తీవ్రమైన వ్యతిరేకత వచ్చినా వెనుకంజ వేయలేదు. ప్రజల పన్నుతో నడిచే బడి ప్రజలందరిదీ అన్న సూత్రం ఆయనకు కేవలం వేదిక మీది మాట కాదు.

మైసూరులో ఆయన మరొక విషయం కూడా గమనించారు. ఆ సంస్థానంలో 1881 నుండే ప్రజాప్రతినిధి సభ ఉండేది. తాలూకాల నుండి వచ్చిన ప్రతినిధులు తమ కష్టాలు దివానుకు విన్నవించుకునేవారు. దివాను విని సమాధానం చెప్పేవారు. కాని దివానును నియమించేది మహారాజు, తొలగించేదీ మహారాజే. ప్రజలు విన్నవించుకోగలరు గాని దింపలేరు. విన్నపానికీ ప్రశ్నకూ మధ్యనున్న భేదం ఇదే. విన్నపం దయను కోరుతుంది. ప్రశ్న జవాబును కోరుతుంది.

ద్వంద్వ ప్రభుత్వమనే చిక్కుముడి

1920 దశకం ఆరంభంలో మైసూరు కొలువు వదలి రామలింగారెడ్డి మద్రాసు శాసనమండలిలో ప్రవేశించారు. ఆ మండలి స్వరూపం తెలిస్తే గాని ఆయన చేసిన పని విలువ తెలియదు.

పూర్వపు శాసనమండళ్ళలో సభ్యులకు ప్రశ్న వేసే హక్కే లేదు. 1892 చట్టం ఆ హక్కును తొలిసారిగా ఇచ్చింది. అయితే వచ్చిన జవాబు మీద మారు ప్రశ్న వేయరాదు. 1909 చట్టంతో, ప్రశ్న వేసిన సభ్యుడు అనుబంధ ప్రశ్న అడగడానికి వీలు కలిగింది. 1919 చట్టం వచ్చిన పిదప సభలోని ఏ సభ్యుడైనా అనుబంధ ప్రశ్న వేయవచ్చునన్నారు. ఇరవై ఏడేళ్ళలో మూడు మెట్లు. చూడడానికి ఇవి స్వల్ప మార్పులు. కాని వ్రాసి తెచ్చిన జవాబు చదివి కూర్చుండే అధికారికి, ఎటు నుండి ఏ ప్రశ్న వస్తుందో తెలియక నిలబడే మంత్రికి ఎంతో తేడా ఉన్నది.

1919 చట్టమే రాష్ట్రాలలో ద్వంద్వ ప్రభుత్వాన్ని కూడా తెచ్చింది. కేంద్రం చేతిలోని కొన్ని అధికారాలు రాష్ట్రాలకు దిగివచ్చాయి. వాటిని మళ్ళీ రెండు పాళ్ళు చేశారు. విద్య, వైద్యం, ప్రజారోగ్యం, స్థానిక స్వపరిపాలన, బాటలు, వ్యవసాయం, సహకార సంఘాలు, పరిశ్రమలు, అబ్కారీ వంటివి ఎన్నికైన సభ్యుల నుండి నియమించిన మంత్రులకు బదలాయించారు. భూమిశిస్తు, నీటిపారుదల, పోలీసు, న్యాయం, ఖజానా మాత్రం గవర్నరు, ఆయన కార్యనిర్వాహక మండలి తమ చేతిలోనే ఉంచుకున్నారు.

ఒక పల్లెకు దీని అర్థమేమి? తొప్పూరు బాట మంత్రి చేతిలోనిది. తొప్పూరు రైతు కట్టే శిస్తు గవర్నరు చేతిలోనిది. 1925లో తొప్పూరుకు సమీపంలో కావేరి మీద ఆరంభమై 1934లో పూర్తయిన మేట్టూరు ఆనకట్ట వంటి నీటి పనులు గవర్నరు పాలు. ఊరి బడి మంత్రి పాలు. బడికి కావలసిన డబ్బు మాత్రం గవర్నరు వైపున్న ఖజానా నుండి రావాలి. బడి లేదేమని అడిగితే డబ్బు లేదని మంత్రి చెప్పవచ్చు. డబ్బు ఎందుకు లేదని అడిగితే బడి తమ శాఖ కాదని అవతలివారు తప్పుకోవచ్చు. అందుచేత ఆ మండలిలో ప్రశ్న వేసేవాడు ఏది అడగాలో మాత్రమే కాక, ఎవరిని అడగాలో కూడా ఎరిగి ఉండాలి.

ఓటు హక్కు కూడా ఆస్తి ఉన్నవారికే పరిమితం. నాలుగు కోట్లకు పైబడిన మద్రాసు రాజధాని జనాభాలో 1920 ఎన్నికలలో ఓటర్లు సుమారు 12.5 లక్షల మంది మాత్రమే. కూలివానికి ఓటు లేదు. స్త్రీలకు తొలుత లేదు. 1921లో ఆ మండలియే తీర్మానించి పురుషులతో సమానమైన అర్హతలున్న స్త్రీలకు ఓటు ఇచ్చింది. బ్రిటిషు పాలనలోని రాష్ట్రాలలో ఆ పని మొదట చేసిన ఘనత మద్రాసుదే. ఓటు లేని కోట్లాది ప్రజల పక్షాన అడగవలసిన భారం కూడా ఎన్నికైన కొద్దిమంది మీదనే ఉండేది.

బయటినుండి అడిగినవారు

ఆ ఎన్నికలను కాంగ్రెసు బహిష్కరించింది. సహాయ నిరాకరణోద్యమం సాగుతున్న రోజులవి. ఫలితంగా బ్రాహ్మణేతరుల పక్షాన ఏర్పడిన జస్టిస్ పార్టీ అధికారం చేపట్టింది. 1920 డిసెంబరులో ఎ. సుబ్బరాయలు రెడ్డియార్ ముఖ్యమంత్రి కాగా, అనారోగ్యంతో ఆయన వైదొలగిన పిదప 1921లో పానగల్ రాజా రామరాయణింగార్ ఆ పదవికి వచ్చారు. ఆయన స్వస్థలం కాళహస్తి. కూర్మా వెంకటరెడ్డి నాయుడు, ఎ.పి. పాత్రో మిగిలిన ఇద్దరు మంత్రులు. ముగ్గురూ తెలుగు ప్రాంతం వారు కావడంతో తమిళ సభ్యులలో అసంతృప్తి ఉండేది.

మండలిలో తమవారు లేనపుడు జనం ఏమి చేస్తారో చీరాల-పేరాల చూపించింది. గుంటూరు జిల్లాలోని ఆ జంట గ్రామాలను ప్రజల ఇష్టానికి వ్యతిరేకంగా పురపాలక సంఘంగా మార్చారు. పన్నుల భారం ఒక్కసారిగా అనేక రెట్లు పెరిగింది. వద్దన్నా ప్రభుత్వం వినలేదు. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన 1921లో వేలాది ప్రజలు ఇండ్లు విడిచి, ఊరి వెలుపల పాకలు వేసుకొని రామనగరమనే పేరుతో నెలల తరబడి ఎండకూ వానకూ ఓర్చి నివసించారు. పురపాలక సంఘాలు స్థానిక స్వపరిపాలన శాఖ కిందివి. ఆ శాఖ బదలాయించిన శాఖ. అంటే ఈ కష్టానికి బాధ్యుడు తెల్లదొర మాత్రమే కాదు. తెలుగు మంత్రి కూడా.

అధికారం మనవారి చేతికి వచ్చినంత మాత్రాన పాలన మనదైపోదని ఆ సంఘటన చాటింది. ఊరు విడిచి అడవిలో కాపురముండడం కూడా ఒక ప్రశ్నయే. కాని అంత మూల్యం చెల్లించకుండా, సభలోనే నిలబడి అడిగి జవాబు రాబట్టే దారి ఉండాలి. ఆ దారిని వెడల్పు చేయడమే రామలింగారెడ్డి వంటివారు చేపట్టిన పని.

సొంత పార్టీని నిలదీసిన వేళ

రామలింగారెడ్డి జస్టిస్ పార్టీ సభ్యులు. పానగల్ రాజా మంత్రివర్గం చేసిన మంచిని చరిత్ర కాదనదు. ప్రభుత్వోద్యోగాలలో అన్ని వర్గాలకు చోటు కల్పించే ఉత్తరువు 1921లో వచ్చింది. పరిశ్రమలకు ప్రభుత్వ సహాయం అందించే చట్టం వచ్చింది. దేవాలయాల ఆస్తులను, ఆదాయాలను పర్యవేక్షించే హిందూ దేవాదాయ బిల్లు 1922లో సభ ముందుకు వచ్చింది. ఆలయపు మాన్యాలకు లెక్క చెప్పమన్న ప్రభుత్వమది.

అయితే ఇతరులను లెక్క అడిగిన మంత్రులు తాము లెక్క చెప్పడానికి సిద్ధంగా ఉన్నారా అన్నదే అసమ్మతివాదుల సందేహం. తాలూకా బోర్డులకు, జిల్లా బోర్డులకు, పురపాలక సంఘాలకు కొందరు సభ్యులను నియమించే అధికారం స్థానిక స్వపరిపాలన మంత్రిదే. ఆ నియామకాలు పార్టీకి అండగా నిలిచేవారికి బహుమతులుగా మారాయన్న విమర్శ బలపడింది. బాట వేయవలసిందీ, బడి నడపవలసిందీ ఆ బోర్డులే. బోర్డులో కూర్చున్న వ్యక్తి ఊరివారికి కాక తనను నియమించిన మంత్రికి విధేయుడైతే ఊరు ఎవరితో మొరపెట్టుకోవాలి? పార్టీ నాయకత్వం నిరంకుశంగా మారిందని, ప్రకటించిన ఆశయాలకు ఆచరణ దూరమైందని కొందరు సభ్యులు బహిరంగంగానే అన్నారు. వారిలో అగ్రగణ్యులు రామలింగారెడ్డి. చెప్పి చూసినా ఫలితం లేకపోవడంతో ఆయన పార్టీ నుండి బయటికి వచ్చారు.

1923లో రెండవ ఎన్నికలు జరిగాయి. జస్టిస్ పార్టీ బలం తగ్గింది. అయినప్పటికీ గవర్నరు లార్డ్ విల్లింగ్డన్ మళ్ళీ పానగల్ రాజానే మంత్రివర్గం ఏర్పాటు చేయమన్నారు. తమిళ సభ్యుల అసంతృప్తిని పోగొట్టడానికి వెంకటరెడ్డి నాయుడు స్థానంలో టి.ఎన్. శివజ్ఞానం పిళ్ళెను మంత్రిగా తీసుకున్నారు. నవంబరు 19న కొత్త మంత్రివర్గం కొలువుదీరింది.

సరిగా ఎనిమిది రోజులకు, 1923 నవంబరు 27న, రామలింగారెడ్డి ఆ మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టారు. మద్రాసు శాసనమండలి చరిత్రలో అది మొట్టమొదటి అవిశ్వాస తీర్మానం. ఆ సభలో ఎదురెదురుగా నిలిచిన ఇద్దరూ నాటి చిత్తూరు జిల్లా వారే కావడం విశేషం. ఒకరు కాళహస్తి వారు, మరొకరు కట్టమంచి వారు. ఇద్దరూ బ్రాహ్మణేతరోద్యమం నుండి వచ్చినవారే. ఇద్దరి మధ్య తగవు కులానిది కాదు, భాషది కాదు, సీమది కాదు. ప్రజల పేర అధికారం చెలాయించేవారు ప్రజల ప్రతినిధులకు ఎంతవరకు బాధ్యులు అన్నదే తగవు.

మరునాడు ఓట్లు లెక్కించారు. ఇరవైకి పైగా ఓట్ల తేడాతో తీర్మానం వీగిపోయింది. మంత్రివర్గం నిలిచింది. ఎన్నికైన సభ్యులతో సమానంగా ప్రభుత్వాధికారులకు, నామినేటెడ్ సభ్యులకు కూడా ఓటున్న సభ అది. ప్రజలు ఎన్నుకోని వారి ఓటు కూడా మంత్రుల భవితవ్యాన్ని తేల్చే ఏర్పాటులో ప్రజాభిప్రాయం నిక్కచ్చిగా వెల్లడి కావడం కష్టమే.

ఓటమిలోని లాభం

నెగ్గని తీర్మానం వలన ప్రయోజనమేమి అని ఎవరైనా అడగవచ్చు. ప్రయోజనం మూడు విధాలుగా కనబడుతుంది.

మొదటిది, మంత్రి అంటే గవర్నరు కొలువులోని ఉద్యోగి కాడని, సభ విశ్వాసం ఉన్నంత కాలమే ఆ పీఠం మీద ఉండదగినవాడని రుజువైంది. పానగల్ రాజా తన మంత్రివర్గాన్ని నిలుపుకోవడానికి సభ ఎదుట వాదించవలసి వచ్చింది, ఓట్లు కూడగట్టుకోవలసి వచ్చింది. గవర్నరు ఆదరణ ఒక్కటే చాలదని తేలింది.

రెండవది, ప్రశ్నించడానికి శత్రువు కానక్కరలేదని రుజువైంది. పరాయి పాలకుని ప్రశ్నించడం ధైర్యమే. తనవారిని ప్రశ్నించడానికి అంతకంటె ఎక్కువ ధైర్యం కావాలి. తన జిల్లా వారు, తన పార్టీ వారు అధికారంలో ఉండగా మౌనంగా ఉంటే వచ్చే లాభాలు ఎన్నో ఉంటాయి. రామలింగారెడ్డి వాటిని ఆశించలేదు. పార్టీలలో స్థిరంగా ఉండరన్న విమర్శ ఆయనకు తప్పలేదు. విమర్శకునికి ఏ పార్టీయైనా ఇరుకు చొక్కాయే కాబోలు.

మూడవది, ద్వంద్వ ప్రభుత్వంలోని లోపం అందరి కళ్ళకూ కట్టింది. ఖజానా ఒకరిది, బాధ్యత మరొకరిది అయిన చోట ఎంత గట్టిగా అడిగినా జవాబు సగమే వస్తుంది. పూర్తి జవాబు రావాలంటే పూర్తి అధికారం ఎన్నికైన వారి చేతికి రావాలి. ఆ కోరిక నానాటికీ బలపడింది.

పానగల్ రాజా మంత్రివర్గం 1926 వరకు సాగింది. ఆ ఏటి ఎన్నికలలో జస్టిస్ పార్టీ ఓడిపోయింది. అధిక స్థానాలు గెలిచిన స్వరాజ్య పార్టీ ద్వంద్వ ప్రభుత్వంలో మంత్రి పదవులు స్వీకరించడానికి నిరాకరించగా, సేలం జిల్లా కుమారమంగళం జమీందారు పి. సుబ్బరాయన్ స్వతంత్ర మంత్రివర్గం ఏర్పాటు చేశారు. పానగల్ రాజా 1928 డిసెంబరులో కన్నుమూశారు.

విశ్వవిద్యాలయంలోనూ అదే నియమం

ఆంధ్రులకు ప్రత్యేక విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక 1926లో ఫలించింది. విద్యామంత్రి పాత్రో ఆ బిల్లును సభ దాటించారు. తొలి వైస్ ఛాన్సలర్ అయినవారు రామలింగారెడ్డి. ఏ మంత్రివర్గాన్ని దింపడానికి మూడేళ్ళ క్రితం తీర్మానం పెట్టారో, అదే మంత్రివర్గం నెలకొల్పిన విశ్వవిద్యాలయానికి ఆయన సారథి అయ్యారు. సభలో కలబడినవారు సభ వెలుపల కలిసి పనిచేయగలిగారు. నిలదీయడాన్ని పగగా భావించని సంస్కారం ఇరువైపులా ఉన్నందుననే అది సాధ్యమైంది.

బెజవాడలో ఆరంభమైన విశ్వవిద్యాలయం తరువాత విశాఖపట్టణం సమీపాన వాల్తేరుకు మారింది. భవనాలు లేవు, నిధులు లేవు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ వంటి దాతల చేయూత తరువాతి కాలంలో ఆ సంస్థకు ఊపిరి పోసింది.

ఉప్పు సత్యాగ్రహం సాగుతున్న 1930లో సత్యాగ్రహుల మీద ప్రభుత్వం లాఠీలు ఝళిపించింది. వైస్ ఛాన్సలర్ పదవి ప్రభుత్వంతో ముడిపడినది. చూసీ చూడనట్లు ఉంటే పదవి పదిలంగా ఉండేది. ఆ దమననీతికి నిరసనగా రామలింగారెడ్డి పదవికి రాజీనామా ఇచ్చారు. మంత్రులను జవాబు అడిగిన వ్యక్తి తన వంతు వచ్చినపుడు తనను తాను కూడా అడుగుకున్నారు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ బాధ్యత స్వీకరించారు. ఆయన జన్మస్థలమైన తిరుత్తణి కూడా సరిహద్దు ఊరే. 1960 వరకు చిత్తూరు జిల్లాలో ఉండి, ఆ పిదప మద్రాసు రాష్ట్రంలో చేరింది. 1936లో రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డుకు వెళ్ళగా రామలింగారెడ్డి మళ్ళీ వైస్ ఛాన్సలర్‌గా వచ్చి 1949 వరకు కొనసాగారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో 1942లో విశాఖపట్టణం మీద జపాను బాంబులు పడినపుడు విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించి, యుద్ధం ముగిసిన పిదప తిరిగి వాల్తేరు చేర్చిన కార్యదక్షత ఆయనదే.

సాహిత్యంలోనూ ఆయన పద్ధతి ఇదే. 1914లో వెలువడిన కవిత్వతత్త్వ విచారములో పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని పరిశీలిస్తూ, ప్రాచీన కావ్యమైనంత మాత్రాన పూజ్యమని సరిపెట్టుకోక, గుణదోషాలు రెండూ విచారించారు. తెలుగులో ఆధునిక విమర్శకు అది బాట వేసింది. పెద్దలు వ్రాసిన కావ్యమైనా, పెద్దలు నడిపే ప్రభుత్వమైనా పరీక్షకు అతీతం కాదన్నది ఆయన జీవితమంతా కనబడే సూత్రం.

సేలం జిల్లా చూసిన మార్పు

1935 చట్టంతో రాష్ట్రాలలో ద్వంద్వ ప్రభుత్వం రద్దయింది. 1937 నుండి శాఖలన్నీ, ఖజానాతో సహా, ఎన్నికైన మంత్రుల చేతికి వచ్చాయి. ఆ ఏడు జూలైలో, హోసూరు సమీపాన తొరపల్లిలో జన్మించిన చక్రవర్తి రాజగోపాలాచారి మద్రాసు ప్రధానమంత్రి అయ్యారు.

1937 అక్టోబరు 1న ఆయన ప్రభుత్వం దేశంలో ఆదర్శంగా మద్యనిషేధాన్ని మొదట సేలం జిల్లాలో అమలుచేసింది. నాటి సేలం జిల్లా అంటే తొప్పూరు, ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు పల్లెలు కూడా. మరుసటి సంవత్సరం చిత్తూరు, కడప జిల్లాలకు, ఆ పిదప ఉత్తర ఆర్కాటుకు అది విస్తరించింది. అబ్కారీ శాఖ పూర్వం కూడా మంత్రులదే. కాని అబ్కారీ ఆదాయం పోతే ఏమి చేయాలన్న నిర్ణయం నాటి మంత్రుల చేతిలో లేదు. 1937లో ఆ రెండూ ఒకే చేతికి వచ్చాయి. తగ్గిన ఆదాయాన్ని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్ను వేశారు. కల్లు దుకాణం మూతపడినందుకు సంతోషించిన ఇల్లాలైనా, పన్ను పెరిగినందుకు కోపించిన వర్తకుడైనా ఎవరిని అడగాలో స్పష్టంగా తెలిసింది. మంచికీ చెడ్డకూ ఒకే చిరునామా ఏర్పడింది.

ఆ భాగ్యం ఎంతో కాలం నిలువలేదు. ప్రపంచ యుద్ధంలోనికి భారతదేశాన్ని ప్రజల అభిప్రాయం అడుగకుండా దింపినందుకు నిరసనగా 1939 అక్టోబరులో కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. 1946 వరకు మద్రాసులో గవర్నరు పాలనయే. ఆ ఆరేళ్ళూ మంత్రులు లేరు. మంత్రులను అడిగే సభ లేదు. యుద్ధకాలపు ధాన్య సేకరణ, రేషను, ధరల పెరుగుదలలతో పల్లెలు సతమతమైన రోజులలోనే అడిగే వేదిక మూతపడి ఉన్నది.

మిగిల్చిపోయినది

1949లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి వైదొలగిన రామలింగారెడ్డి మైసూరు విశ్వవిద్యాలయ ప్రో-ఛాన్సలర్‌గా నియమితులయ్యారు. ఆజన్మ బ్రహ్మచారియైన ఆయన 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

అప్పటికి భారత రాజ్యాంగం అమలులోనికి వచ్చి ఏడాది దాటింది. రాష్ట్ర మంత్రివర్గం శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలని ఆ రాజ్యాంగంలోని 164వ అధికరణం నిర్దేశించింది. 1923 నవంబరులో వీగిపోయిన తీర్మానం వెనుకనున్న భావమే 1950లో దేశానికి శాసనమైంది. ఆయన మరణించిన మరుసటి సంవత్సరం, ఆస్తితో, చదువుతో పనిలేకుండా వయోజనులందరూ ఓటు వేసిన తొలి సార్వత్రిక ఎన్నికలు ముగిశాయి. తొప్పూరు కూలివాడు, కట్టమంచి ఇల్లాలు సమానమైన ఓటుతో సభ్యుని ఎన్నుకున్నారు.

తరువాత గీతలు మారాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి చిత్తూరు అటు వెళ్ళింది. సేలం జిల్లా మద్రాసులో మిగిలింది. 1965లో ధర్మపురి, 2004లో కృష్ణగిరి ప్రత్యేక జిల్లాలయ్యాయి. ఒకప్పుడు ఒకే సభలో వినిపించిన చిత్తూరు ప్రశ్న నేడు అమరావతికి, ధర్మపురి ప్రశ్న చెన్నైకి వెళుతున్నవి. సరిహద్దుకు ఇరువైపుల ఉన్న తెలుగు కుటుంబాల అవసరాలు మాత్రం ఎక్కువగా మారలేదు. బడిలో మాతృభాష, పొలానికి నీరు, ఊరికి బాట, ఆసుపత్రిలో వైద్యుడు కావాలి.

వీటిలో ఏది కొరవడినా ముందుగా తేల్చుకోవలసింది అది పంచాయతీ పనియా, రాష్ట్ర ప్రభుత్వపు పనియా, కేంద్రం పనియా అన్నది. తరువాత, తాము ఓటు వేసిన సభ్యుని చేత ఆ ప్రశ్నను సభలో వేయించడం. ఆ సభ్యుడు అధికార పక్షం వాడైనంత మాత్రాన అడగకూడదన్న నియమమేదీ లేదు. తనవారిని అడగడం ద్రోహం కాదని, అడగకపోవడమే ప్రజలకు చేసే ద్రోహమని నూరేళ్ళ క్రితమే ఒక సరిహద్దు జిల్లా వాసి ఓడిపోయి మరీ నిరూపించారు.